చెంచా మూతి కాడ్నుంచి తియ్యకుండ తినిపిచ్చే థెరపీ: కొనసాగించాల్నా, బంద్ చెయ్యాల్నా?

మిర్యాలగూడ_కోడలు
ఈ పద్ధతి చూసినోళ్లు ఎవలన్న ఉంటే చెప్పుండ్రి. మా బాబుకు మొన్ననే మూడేండ్లు నిండినయి. ఏడాదిన్నర నుంచి పాలు, ఒకటే రకం బిస్కెట్, బుద్ధి పుడితే పొడి అటుకులు. గంతే. అన్నం మెతుకు నాలికకు తాకితే ఓకరిస్తడు. బరువు 10.7 కిలోలు ఉండె. మా పిల్లల డాక్టరు హైదరాబాద్‌ల ఒక సెంటర్‌కు రాసిచ్చిండు. ఉప్పల్‌ల మా అక్కోళ్ల ఇంట్ల ఉండి మూడు వారాలు తిప్పిన, వారానికి ఐదు రోజులు.

కుర్చీల కూసోబెట్టి బెల్టు పెడ్తరు. చెంచాల శనగ గింజంత మెత్తటి అన్నం తీసి పెదాల కాడ పెడ్తరు. వాడు తల ఎటు తిప్పితే చెంచా అటు పోతది. ఏడ్చినా తియ్యరు. ఉమ్మితే మళ్ల అదే పెడ్తరు. మింగితే శభాష్ అని కారు బొమ్మ ఇస్తరు, అర నిమిషం. మళ్ల చెంచా. నన్ను అద్దం అవతల కూసోమన్నరు. మొదటి రోజు 40 నిమిషాలు ఏడ్చిండు. గోడ గడియారమే చూసుకుంట కూసున్న కాబట్టి నిమిషంతో సహా యాదికున్నది. మూడో వారానికి ఏడుపు ఐదు నిమిషాలకు దిగింది. బరువు 11.2. ఇంట్ల అందరు ఖుషీ. మా అత్తమ్మ వాళ్ల కాళ్లకు దండం పెట్టాలంటది.

ఇప్పుడు బ్రష్ చూపిచ్చినా రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకుంటుండు. నిన్న ముద్దు పెట్టుకుందామని దగ్గరికి పోతే గూడ అట్లనే పెట్టుకున్నడు. సోమవారం రెండో విడత పైసలు కట్టాలె, 45 వేలు. కట్టాల్నా? తిట్టకుండ్రి, నన్ను నేను తిట్టుకునుడు చాలు.

పిల్లలమర్రి77
అరకిలో పెరిగిండు కదక్కా. మూడు వారాలల్ల అరకిలో అంటే మాటలా? ఇంజక్షన్ ఇచ్చినా ఏడుస్తరు పిల్లలు, ఇంజక్షన్ బంద్ చేస్తమా? కట్టెయ్.

ఉగ్గుగిన్నె_అవ్వ
మా కాలంల గీ 45 వేలు లేకుండె. కాళ్లు చాపుకొని, పిలగాన్ని కాళ్ల మీద పండవెట్టి, రెండు ముక్కులు మూసి ఉగ్గు పోస్తే గుటుక్కున మింగేటోడు. మీరు కాళ్ల బదులు కుర్చీ తెచ్చిన్రు, అద్దం తెచ్చిన్రు. రశీదొకటి ఎక్కువ.

బత్తాయి_తోట
అవ్వ ఒక్కతే సెంటర్ పెడితే ఊరంత లైను కడ్తది 😂

వార్డు_డ్యూటీ
అవ్వా, నవ్వుకునే ముచ్చటే కానీ ముక్కు మూసి పొయ్యకుండ్రి, ఎవ్వలికీ చెప్పకుండ్రి. ఏడ్చే పిల్ల ఊపిరి లోపలికి గుంజుతది, ఆ గుంజుట్ల ఉగ్గు ఊపిరితిత్తులల్లకు పోతది. ‘నెమ్ము చేసింది’ అని దవాఖానకు తెచ్చే పసిపిల్లలల్ల ఇసొంటి కేసులు నేను చూసిన.

ఉగ్గుగిన్నె_అవ్వ
పదకొండు మందిని సాకిన బిడ్డా. అందరు బతికే ఉన్నరు. ఒకడు ఎస్సై.

నాకు_ఇరవయ్యారు
@పిల్లలమర్రి77 ఇంజక్షన్ ఒక్క క్షణం. బువ్వ దినాం మూడు పూటలు, చచ్చిందాక. రెంటికీ పోలిక పెట్టకన్నా.

నేను చిన్నప్పుడు ఆ పిలగాన్నే. మాది దేవరకొండ కాడ. గుడ్డు తినకపోతుంటి. మా తాత గోడ మూలకు కూసోబెట్టి, మోకాళ్లతోని అదిమి పట్టి, ఉడకబెట్టిన గుడ్డు నోట్లె పెట్టి దవడ మూసి పట్టేటోడు. మంచోడే మా తాత, నేనంటే పానం. బలం రావాలనే చేసిండు. అప్పుడు మింగిన. అందరు చూసి ‘అలవాటైంది’ అన్నరు. అయిందేంది? హాస్టల్‌ల గుడ్డు పెట్టే బుధవారం నాడు కడుపునొప్పి అని మెస్సుకే పోకపోతుంటి. ఇప్పుడు 26 ఏండ్లు. దోస్తు పెండ్లిల పక్కోని ఇస్తారిల గుడ్డు కనవడితే నేను జాగ మారి కూసుంట.

తాత చేసింది థెరపీ కాదు అంటరు, ఎరికే. కానీ ఆ చెంచా ఎదురుంగ పిలగాని బుర్రల ఏం నడుస్తదో మీ చార్టుల రాదు.

గద్వాల_నాన్న
ఈ ముచ్చటల ఒక్కటే దిక్కు గాలి వీస్తుంది గాబట్టి రాస్తున్న.

మా బిడ్డ ఏడో నెలల పుట్టింది. కిలో రెండొందల గ్రాములు. ముక్కుల గొట్టంతోనే పాలు. పదమూడు నెలలైనా గొట్టం పోలే. వారం పది దినాలకొకసారి పాతది తీసి కొత్తది పెట్టుడు. నేను తల పట్టుకునుడు, నా భార్య బయటికి పోయి నిలబడుడు. ‘పిల్ల ఇష్టానికి వదిలెయ్యుండ్రి, ఆకలైతే అదే తింటది’ అని చెప్పినోళ్లు మస్తు మంది. వదిలేసినం. తినలే. ఆ పిల్లకు ఆకలి అంటే ఏందో తెల్వది, కడుపు ఎప్పుడూ గొట్టంతోనే నిండె.

ఆఖరికి ఇసొంటి బిహేవియర్ పద్ధతే చేసినం, బెంగళూరుల. చెంచా తియ్యలే. ఏడ్చింది. తొమ్మిది వారాలకు గొట్టం పీకేసినం. ఇప్పుడు ఆరేండ్లు, తునకల కూర ఎముకతో సహా నములుతది. నోటికి చేతులు అడ్డం పెట్టుకోదు. ఇది క్రూరం అన్నోళ్లు ఆ గొట్టం మార్చే దినం వచ్చి మా బిడ్డ తల పట్టుకోవాల్సుండె.

నాకు_ఇరవయ్యారు
గద్వాల అన్నా, దీనికి నా కాడ జవాబు లేదు. నిజంగ చెప్తున్న.

మాట_మింగుడు
మహబూబ్‌నగర్‌లో స్పీచ్ థెరపిస్టుని. మాట ఎంతో మింగుడూ అంతే మా పని, చాలామందికి తెలియదు. కొంచెం పెద్దగా రాస్తున్నా.

ఈ పద్ధతిని ఎస్కేప్ ఎక్స్‌టింక్షన్ అంటారు. పిల్లవాడు తల తిప్పాడు, చెంచా వెళ్లిపోయింది. అంటే తల తిప్పితే పని జరుగుతుందని వాడు నేర్చుకున్నాడు. ఇక తల తిప్పినా పని జరగకపోతే తిప్పడం మానేస్తాడని లెక్క. మొదట్లో ఏడుపు పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. దీని మీద దశాబ్దాలుగా పరిశోధన ఉంది. నోట్లోకి వెళ్లే ముద్దలు పెరుగుతాయి, అది అబద్ధం కాదు. కాకపోతే ఎక్కువ అధ్యయనాలు ముగ్గురు నలుగురు పిల్లల మీద చేసిన చిన్నవి. ఎన్ని ముద్దలు మింగాడు, ఎంతసేపు ఏడ్చాడు, వాటిలో లెక్కపెట్టేది ముఖ్యంగా ఇదే. ఐదేళ్ల తర్వాత ఆ పిల్లవాడు కంచం ముందు ఎలా కూర్చుంటాడో చూసినవి బాగా తక్కువ.

నా గొడవ వేరే. ‘తల తిప్పడం మొండితనం’ అనుకున్నప్పుడే ఆ లెక్క సరిపోతుంది. నొప్పి వల్ల తిప్పితే? గొంతులోకి పులుపు తన్నుకొచ్చే పిల్లలుంటారు. మలబద్ధకంతో కడుపు రాయిలా ఉన్నవాళ్లుంటారు. టాన్సిల్స్ లావుగా ఉండి మింగలేనివాళ్లుంటారు. నాలుక పక్కకు కదలక ముద్దను దవడ పళ్ల కిందకు తోసుకోలేనివాళ్లుంటారు. వాళ్ల ముందు చెంచా తియ్యకుండా పట్టుకుంటే, ‘నొప్పి అని నువ్వు చెప్పినా ఎవరూ వినరు’ అనే పాఠం చెప్పినట్టు. 2019లో నిపుణులు పీడియాట్రిక్ ఫీడింగ్ డిజార్డర్‌కు ఒక ఉమ్మడి నిర్వచనం రాసుకున్నారు. ఒంట్లో జబ్బు, పోషణ, నమిలి మింగే నేర్పు, మనసు-ఇల్లు, నాలుగూ చూడాలన్నారు. నాలుగోది ఒక్కటే చూసి కుర్చీకి బెల్టు పెడితే ఎలా?

@మిర్యాలగూడ_కోడలు, బెల్టు పెట్టక ముందు వాళ్లు ఏం పరీక్షలు చేశారు? నోట్లో వేలు పెట్టి చూశారా? రక్తం? పాలు రోజుకు ఎన్ని తాగుతాడు?

@గద్వాల_నాన్న, మీ పాప సంగతి వేరు, ఆ పద్ధతి కోసమే ఉన్న కేసు అది. మీరు తప్పు చేశారని నేను అనను.

మిర్యాలగూడ_కోడలు
పరీక్షలేం చెయ్యలే అక్కా. ఒక కాగితం ఇచ్చి 60 ప్రశ్నలకు టిక్కులు పెట్టమన్నరు. పాలు… నిజం చెప్తే తిట్టరు కదా. పొద్దుగాల రెండు సీసాలు, పగలు రెండు, రాత్రి నిద్రల ఒకటి. ఒక్కోటి పావు లీటరు.

వార్డు_డ్యూటీ
లీటరుంబావు!!

బత్తాయి_తోట
పిలగాడు తింటలేడని ఎవలన్నరు. బర్రె ఒకటి వాని మీదనే బతుకుతుంది.

వార్డు_డ్యూటీ
నవ్వులాట కాదు. ఆవు పాలైనా బర్రె పాలైనా ఇనుము దాదాపు ఉండదు. అర లీటరు దాటితే కడుపు దానితోనే నిండుతది, ఇంకోటి తినడు, రక్తం తగ్గుతది. రక్తం తగ్గితే ఆకలి ఇంకా చస్తది. గుండ్రంగ తిరిగే గానుగ ఇది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేల దేశంల ఐదేండ్ల లోపు పిల్లలకు 67 శాతం మందికి రక్తహీనత ఉన్నదని వచ్చింది. అంటే ముగ్గురిల ఇద్దరు. ముందుగాల హిమోగ్లోబిన్ చేపియ్ అక్కా. నూటయాభై రూపాయల పని. 45 వేల పని తర్వాత.

పిల్లలమర్రి77
అంటే పాలు బంద్ చేస్తే అన్నం తింటడంటరా? మా తమ్ముని కొడుకుకు ఒక్కసారే బంద్ చేస్తే రెండు దినాలు ఏం ముట్టక సెలైన్ ఎక్కిచ్చినం.

మాట_మింగుడు
ఒక్కసారే ఆపకూడదు, అదే చెప్పబోతున్నా. ముందు రాత్రి సీసా. తర్వాత ఒక్కోటి. నెల పట్టినా పర్వాలేదు. బరువు చూస్తూ.

సెంటర్_టీచరమ్మ
అంగన్‌వాడీ టీచర్‌ను, నాగర్‌కర్నూల్ జిల్లా. మూడేండ్ల మొగ పిలగానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టుల నడిమి గీత 14.3 కిలోలు. 11.3 కంటె తగ్గితే తక్కువ బరువు, 10 కంటె తగ్గితే అతి తక్కువ. మీ బాబు 11.2 అంటే గీతకు వెంట్రుక వాసి కింద. పానం మీదికి వచ్చిన లెక్క కాదమ్మా, మెల్లగ చేసుకునే టైమున్నది. అదే 9 కిలోలు ఉంటే నా మాట వేరే ఉండు.

ఇంకో ముచ్చట. మా సెంటర్‌ల ఒక పిల్ల ఇంటికాడ ఏం తినదు అని వాళ్లమ్మ రోజూ ఏడ్చేది. నేను ఆ పిల్లకు పెట్టనే పెట్టలే. పక్కన ఇంకో పిల్ల పప్పుల మెతుకులు కలుపుకుంట ఉంటే చూస్తుండె. పన్నెండో దినమో పదమూడో దినమో పక్కదాని తట్టలకెల్లి ఒక మెతుకు తీస్కొని నోట్లె వేసుకున్నది. నేను గోడ దిక్కు తిరిగి రిజిస్టర్ రాస్తున్నట్టు చేసిన. చూస్తున్నమని తెలిస్తే ఉమ్మేస్తదని భయం.

చదువరి_వనపర్తి
టీచరమ్మ గోడ దిక్కు తిరుగుడు చదివితే ఒకటి యాదికొచ్చింది. క్లారా డేవిస్ అని చికాగో డాక్టరమ్మ 1928ల రాసిన ప్రయోగం. పాలు మాన్పే వయసు పిల్లల ముందు రకరకాల తిండి పెట్టేది, మొత్తం 34 రకాలు. నర్సు చెంచా పట్టుకొని కూసుంటది కానీ ఇయ్యదు, ఇది తిను అనదు. పిల్లలు వేలు చూపితేనే పెట్టాలె. ఒకరోజు ఒకటి, ఇంకోరోజు ఇంకోటి, అడ్డదిడ్డంగ తిన్నరంట కానీ అందరు మంచిగనే పెరిగిన్రు.

గద్వాల_నాన్న
ఆ 34 రకాలల్ల కుర్‌కురే ఉన్నదా?

చదువరి_వనపర్తి
లేదు 😄 చక్కెర గూడ లేదు. ఆమె కిటుకంత అండ్లనే ఉన్నది. ఎదురుంగ పెట్టినయి అన్ని మంచియే.

పిల్లలమర్రి77
చికాగో పిల్లలు, బెంగళూరు పిల్లలు. మనకాడ అత్తమ్మ పక్కన కూసొని ‘పిలగాన్ని ఎండబెడుతున్నవ్’ అంటుంటే చెంచా పట్టుకొని గోడ దిక్కు చూసే కోడలు ఏదన్నా?

కందికట్టె
@పిల్లలమర్రి77 మొదటి పోస్టుల ‘పెరిగిండు కదా’ అన్నవ్. మాదిక్కు పిల్ల తినకుంటే పొట్ట మీద చురకలు పెట్టేటోళ్లు, మంత్రసాని వచ్చి. మా చిన్నమ్మ పొట్ట మీద ఇప్పటికీ మూడు మచ్చలున్నయి, చీర కుచ్చిళ్ల పైన. ‘పెట్టినంక తిన్నది’ అనే చెప్తరు ఇంట్ల. తిన్నది నిజమే. సలాక కాల్తుంటే ఎవలైన తింటరు.

పిల్లలమర్రి77
చురకలకు, చదువుకున్నోళ్లు చేసే థెరపీకి ఒకటే లెక్కనా? గిట్ల మాట్లాడితే ఇగ ముచ్చట లేదు.

కందికట్టె
ఒకటే అంటలేను. ‘తిన్నది’ అనేదొక్కటే కొలబద్ద అయితే రెంటికీ పాస్ మార్కులొస్తయి అంటున్న.

నల్లకోటు_నల్లగొండ
వకీలును. అమ్మా, మీరు సంతకం పెట్టిన కాగితం ఏ భాషల ఉండె? దాంట్ల చెంచా తియ్యరని, ఏడ్చినా ఆపరని రాసుండెనా? మీరు మధ్యల ‘ఇగ చాలు’ అంటే ఆపుతమని ఉండెనా?

మిర్యాలగూడ_కోడలు
ఇంగ్లీషుల ఉండె సార్. నాలుగు పేజీలు. మా ఆయన సంతకం పెట్టిండు. రెండో దినం నేను అద్దం కొట్టిన, ఆపుమని. ‘మీరు ఇప్పుడు లోపలికొస్తే ఏడిస్తే అమ్మ వస్తది అని నేర్చుకుంటడు, మొదటికొస్తది’ అన్నరు. నేను కూసున్న. ఆ కూసునుడే మనసుల నుంచి పోతలేదు.

నల్లకోటు_నల్లగొండ
తల్లి ఆపుమన్నంక ఆపకపోతే ఆ సంతకానికి నా దృష్టిల విలువ లేదు. ఐక్యరాజ్య సమితి పిల్లల హక్కుల ఒడంబడికల మనదేశం 1992ల చేరింది. పిల్లలకు సంబంధించిన సంగతిల పిల్లల మాట గూడ లెక్కలకు తీసుకోవాలని దాంట్ల ఉన్నది. మూడేండ్లోడు మాటతోని చెప్పలేడు, తల తిప్పి చెప్తడు. రెండోది, చేసే మనిషి ఎవరు? స్పీచ్ థెరపిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లకు 1992 చట్టం కింద భారత పునరావాస మండలిల (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటది. అడుగుండ్రి. గోడకు ఫ్రేమ్ కట్టిన మూన్నెల్ల కోర్సు సర్టిఫికెట్ వేరు, నంబర్ వేరు.

మాట_మింగుడు
అద్దం కొట్టినా ఆపలేదంటే నేనైతే రెండో విడత కట్టను. ఈ పద్ధతి వాడే మంచివాళ్లూ ఉన్నారు. వాళ్లు తల్లిని లోపల కూర్చోబెడతారు. ముందు ఖాళీ చెంచాతో మొదలుపెడతారు. పిల్లవాడు చెయ్యి అడ్డం పెడితే ఆగుతారు, ఆగి మళ్లీ ఆటలా అడుగుతారు. మిగతావన్నీ చేసి చూశాక, బరువు ప్రమాదంలో ఉంటేనే చెంచా తియ్యకపోవడం దాకా వస్తారు. వీళ్లు చివరి మెట్టు నుంచి మొదలుపెట్టారు. అక్కడే నాకు కోపం.

@పిల్లలమర్రి77, మీరు అత్తమ్మ గురించి అన్నది మాత్రం నిజం. నా దగ్గరికొచ్చే తల్లుల్లో సగం మంది పిల్లవాడి ఆకలి కంటే ఇంట్లో మాటలకే ఎక్కువ భయపడతారు.

ఉగ్గుగిన్నె_అవ్వ
అత్తమ్మలను అనకుండ్రి, మేం గూడ కోడళ్లమే ఒకప్పుడు. నా పెద్దకోడలు నా ముక్కు మూసుడు చూసి మూడు దినాలు నాతోని మాట్లాడలే. అప్పుడు నాకు కోపమొచ్చింది. ఇప్పుడు గీ ముచ్చటంత నా మనుమరాలు చదివి వినిపిస్తుంటే ఆమె మొఖమే కనవడుతుంది.

నాకు_ఇరవయ్యారు
అవ్వా ❤️

మిర్యాలగూడ_కోడలు
పన్నెండు దినాలైంది, ఏమైందో చెప్త.

హిమోగ్లోబిన్ 8.1 వచ్చింది. డాక్టర్ ఇనుము చుక్కలు రాసిండు. వాడికి మలబద్ధకం గూడ ఉన్నదంట. నాలుగు దినాలకొకసారి పోతుంటే ‘తింటలేడు కదా, యాడికెల్లి వస్తది’ అనుకున్న నేను. ఈ రెండూ చూడకుండ 15 రోజులు ఆ కుర్చీల కూసోబెట్టిన. ఇది రాయాలంటే చెయ్యి ఆడుతలేదు.

పైసలు కట్టలే. ఇంట్ల గొడవైంది. మా ఆయన రెండు దినాలు మాట్లాడలే. మూడోనాడు రాత్రి సీసా ఇయ్యకుండ పిలగాన్ని భుజం మీద వేసుకొని వాకిట్ల తిప్పింది ఆయననే. రెండు గంటలు. పాలు ఇప్పుడు మూడు సీసాలకు వచ్చినయి. బరువు 11.0. రెండొందల గ్రాములు తగ్గింది, అత్తమ్మ వేలు పెట్టి చూపిచ్చింది, తప్పేం లేదు ఆమెది.

మొన్న నేను జొన్నరొట్టె తుంచి పప్పుచారుల అద్దుకొని తింటున్న. వాడు పక్కన కారు నడిపిస్తుండు. నేను టీచరమ్మ చెప్పినట్టు గోడ దిక్కు చూసుకుంట కూసున్న. కారు తెచ్చి నా గిన్నెల ముంచిండు. చారంత చాప మీద పడ్డది. ఆ కారు చక్రం నోట్లె పెట్టుకొని నాకిండు.

బత్తాయి_తోట
అంటే పప్పుచారు తిన్నట్టే. మేనూల రాసుకోండి: కారు చారు.

గద్వాల_నాన్న
చెల్లె, రెండొందల గ్రాములకు పరేషాన్ కాకు, కానీ వారం వారం ఒకటే కాంట మీద తూపియ్. బరువు ఇంకా దిగితే ఆగకు, మొండికెయ్యకు. 10కి దగ్గరికొస్తే నేను చెప్పిన దారి గూడ దారే.

మాట_మింగుడు
సరిగ్గా చెప్పారు. చక్రం నాకడం చిన్న సంగతి కాదు అమ్మా, నోటికి అడ్డం పెట్టుకున్న చేతులు వాడంతట వాడు తీసినట్టు. కొత్త రుచి ఎనిమిది నుంచి పదిహేను సార్లు నాలుకకు తగిలితే గానీ చాలామంది పిల్లలు ఒప్పుకోరు. ఇప్పటికి ఒకటి అయింది. బ్రష్ కొన్నాళ్లు వాడి చేతికే ఇవ్వండి, మీరు పట్టుకోకండి.

మహబూబ్‌నగర్ జిల్లా దవాఖానలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల ఇబ్బందులను తొందరగా గుర్తించి చూసే సర్కారు కేంద్రం) ఉంది, పైసలు తీసుకోరు. మీ నల్లగొండ పెద్ద దవాఖానలో కూడా బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్లను అడిగి చూడండి. నోట్లో నాలుక కదలిక ఎవరో ఒకరు చూడాలి, అది ఇంకా మిగిలే ఉంది.

పిల్లలమర్రి77
నేను ఇంకా అంటున్న, అందరికీ కారు చారు పని చెయ్యదు. కానీ అద్దం కొట్టినా ఆపలేదు అన్నకాడ నేను గూడ మీ దిక్కే అక్కా.

మిర్యాలగూడ_కోడలు
పొద్దుగాల ఏడింటి బస్సుకు నల్లగొండ పోతున్నం. వాని కారు, ఒక సీసా పాలు, రెండు రొట్టెలు కట్టుకున్న. రొట్టెలు నాకే.

ఉగ్గుగిన్నె_అవ్వ
చారు గూడ కట్టుకో బిడ్డా. కారుకు.